నలత లేని బావ

సూక్ష్మదర్శినిలోంచి కన్ను తీయకుండానే డాక్టర్ ముక్తేశ్వరరావు నిట్టూర్చాడు. ఆయన నిట్టూరిస్తే గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. గొంతు అలాంటిది.

"జరీనా, ఇవీ అలిగాయమ్మా."

గాజు పళ్లెంలో ఉన్నవి మగవాడి వృషణాల్లో హార్మోను తయారుచేసే కణాలు. బతికే ఉన్నాయి. పని మాత్రం మానేశాయి. ఒంటరిగా పెట్టినప్పుడల్లా ఇదే తంతు. తిండి పెట్టారు, వెచ్చగా ఉంచారు, మెదడు పంపే ఆజ్ఞకు నకలులాంటి మందు కూడా పోశారు. నాలుగు రోజులు చేసినట్టే చేసి, మర్యాద తక్కువైన అల్లుడిలా మొహం తిప్పుకున్నాయి.

పక్క పళ్లెంలోనూ అవే కణాలు. వాటి చుట్టూ మాత్రం శరీరంలో ఉండే ఇరుగుపొరుగును తెచ్చి కూర్చోబెట్టింది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న జరీనా. ఆకలి కనిపెట్టి అన్నం పెట్టే పోషక కణాలు కొన్ని, సందుల్లో తిరుగుతూ రోగం జాడ పసిగట్టే కావలి కణాలు కొన్ని. ఆ పళ్లెంలో హార్మోను చెలమలా ఊరుతోంది.

"పక్కింటివాళ్ల మాట చెవిన పడితే తప్ప పని చెయ్యవన్నమాట. శ్రవణం లేనిదే స్రవణం లేదు," అన్నాడు ముక్తేశ్వరరావు.

"ఇది నిన్న కూడా చెప్పారు సార్," అంది జరీనా.

ముక్తేశ్వరరావు ఏభై దాటిన మనిషి. చేతిలో ఎప్పుడూ పరీక్షనాళిక, నోట్లో ఎప్పుడూ ఊరుకోని నాలుక. గుంటూరు పొలిమేరలో ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో మాటకు ముందు ఆయన నవ్వే వినిపించేది. ఈమధ్య మాట విసురుతున్నాడు గాని నవ్వడం మర్చిపోతున్నాడు. కారణం నరసరావుపేటలో ఉంది. పేరు బసవపున్నయ్య. ముక్తేశ్వరరావుకు అక్క మొగుడు.

పల్నాడులో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ ఎక్కడ పెట్టినా మైకు ముందు బసవపున్నయ్యే ఉండాలి. మైకు పట్టుకుంటే ఆయనకు మైకం, వినేవాళ్లకు అంతకు రెండింతలు. కిందటి వేసవిలో ఓ పోటీలో గిత్త ఒకటి కాడి తప్పించుకుని సరాసరి వ్యాఖ్యాత బల్ల మీదికి వచ్చింది. ప్రాణం దక్కింది. వృషణాలు రెండూ దక్కలేదు.

మగతనం సంగతి తర్వాత, ముందు మగత పట్టుకుంది ఆయన్ని. మంచం దిగడు. ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు. టీవీలో సబ్బు ప్రకటన చూసి కళ్లు తుడుచుకుంటాడు. డాక్టర్లు హార్మోను సూదులు మొదలెట్టారు. సూది పొడిచిన వారం పెద్దపులి, దాని బలం దిగిపోయే వారం తడిసిన పిల్లి. పులి అరిచేది, పిల్లి ఏడ్చేది, రెంటితోనూ కాపురం చేసేది సామ్రాజ్యం. ముక్తేశ్వరరావు అక్క పేరు అదే.

"సామ్రాజ్యం పేరులోనే ఉందిరా, ఇంట్లో లేదు," అని ఓ సాయంత్రం ఫోన్లో ఏడ్చింది. "మైకు లేకపోతే ఆయన బతకడు. నువ్వు ఏదో గుళికంటన్నావు గదా. అది పెట్టు."

ఆ గుళిక చింతగింజంత ఉంటుంది. మనిషి సొంత చర్మం నుంచి తీసిన కణాలనే మలిచి, హార్మోను చేసే కణాలుగా మార్చి, అందులో పెడతారు. పొట్ట చర్మం కింద అమరుస్తారు. లోపలి కణాలు బయటికి రావు, హార్మోను మాత్రం సన్నగా ఒంట్లోకి ఇంకుతుంది. ఇక సూదులక్కర్లేదు, పులీ పిల్లీ అక్కర్లేదు. తేలాల్సింది ఒక్కటే, గుళికలో వాటి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలన్నది.

"పోషక కణాలు తప్పదు. కావలి కణాలు కూడా పెడదాం సార్. శరీరంలో ఉన్నాయంటే ఏదో పనుండే ఉంటాయి," అంది జరీనా.

"వాటి పని పుల్ల పెట్టడం. ఒంట్లో ఎక్కడ కాస్త వేడి పుట్టినా పరుగెత్తుకొచ్చి, హార్మోను ఆపు ఆపు అంటాయి. మా బావ తుమ్మితే కొళాయి కట్టేస్తాయి. మళ్లీ పిల్లి బతుకే. కావలివాళ్లని కావలిలోనే ఉండనీ, రైలెక్కించి గుంటూరు దాకా తేకు."

జరీనా నవ్వలేదు. "కనీసం కొన్నాళ్లు చూద్దాం సార్."

"మా బావ కొన్నాళ్లు ఆగేలా లేడమ్మా."

పై కమిటీకి పంపిన కాగితాల్లో కావలి కణాలు లేకపోవడాన్ని సుగుణంగానే చూపించారు. హెచ్చుతగ్గులు లేని హార్మోను. కమిటీకీ నచ్చింది. ముగ్గురికి అనుమతి వచ్చింది. అద్దంకిలో దావీదు అనే బస్సు డ్రైవరు, రేపల్లెలో ఓ లెక్కల మాష్టారు, నరసరావుపేటలో బసవపున్నయ్య.

ఫలితం చూసి ముక్తేశ్వరరావే నమ్మలేకపోయాడు. నెల తిరగకుండా బసవపున్నయ్య మంచం దిగాడు, మీసం దువ్వాడు, మైకెక్కాడు. రక్తపరీక్షలో హార్మోను గీత గీసినట్టు సమంగా ఉంది. మిగతా ఇద్దరిదీ అంతే. బావ గొంతు మళ్లీ ఊళ్లు దాటి వినిపించసాగింది.

పరిశీలన కోసం ముక్తేశ్వరరావు వారం వారం ఫోన్ చేసేవాడు. చేసేది పరిశీలనే, జరిగేది మాత్రం పరాచికం. బావా బావమరుదులు ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడటం ఆ ఇంట్లో పెళ్లినాటి నుంచీ ఎవరూ చూడలేదు. అదో మర్యాద వాళ్లకి. బావ అన్నాక ఎకసెక్కం ఆడాలి, బావమరిది అన్నాక తిరిగి అంటించాలి. సీరియస్‌గా మాట్లాడితే ఎవరో పోయారని అర్థం.

"ఏం బావా, ఒంట్లో ఎట్టా ఉంది?"

"ఒళ్లు ఒంట్లోనే ఉందిరా. నీ గుళిక మాత్రం కాళ్లలోకి దిగినట్టుంది. ఎడమ కాలు ఏనుగు కాలైంది."

"ఆగాగు, దంతాలు కూడా రానీ. అమ్ముకుందాం."

"వచ్చినా నీకియ్యను. మీ అక్కకి గాజులు చేయిస్తా."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. నొప్పేమీ లేదని బావ చెప్పాడు. ఇబ్బందులేమీ లేవని బావమరిది నమ్మాడు.

తర్వాత రెండు రోజులకే సామ్రాజ్యం ఫోన్ చేసింది. మధ్యాహ్నం, ప్రయోగశాలలో అందరూ క్యారియర్లు విప్పుకుంటున్న వేళ.

"ఒరే ముక్తీ, మీ బావ గురించి భయంగా ఉందిరా."

"ఏమైందక్కా, మళ్లీ పులయ్యాడా?"

"ఒళ్లు కాలిపోతంది."

"కణాల సంగతి నే చూస్తాగాని, కణకణలాడే ఒంటికి ఓ మాత్ర వేసి పడుకోబెట్టు."

"పడుకోడు. అదే చెప్తన్నా, విను. ఎగతాళి ఆపి విను." గొంతు తగ్గించింది. "నా కాపురం వయసెంతో నీకు తెలుసు. ఈ మనిషికి చిటికెడు జలుబు చేస్తే ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడాలి. తల పట్టమంటాడు, మిరియాల చారంటాడు, వీలునామా రాస్తానంటాడు. ఇప్పుడు పట్టుకుంటే పెనంలాగుంది ఒళ్లు. ఈయన పొద్దున్నే లేచి, స్నానం చేసి, నాలుగు అట్లు తిని, బండేసుకుని గంగన్నపాలెం పోటీకి పోయాడు. ఏమండీ నలతగా లేదా అంటే, నలత ఎట్టా ఉంటదో మర్చిపోయానే అన్నాడు."

ముక్తేశ్వరరావు క్యారియర్ మూత అలాగే పట్టుకున్నాడు.

"కాలికేమన్నా తగిలిందా?"

"కిందటి పోటీలో బరిలో తిరుగుతుంటే గిత్త నాడా మేకు దిగిందంట. చీమంత గాయమన్నాడు. ఇప్పుడు చీము. వేలు నల్లబడింది. నన్ను చూడనివ్వడు, తుండుగుడ్డ చుట్టుకుంటాడు. నీకు చెప్పానన్నాడే."

చెప్పాడు. ఏనుగు కాలని చెప్పాడు.

ఫోన్ పెట్టేసి ముక్తేశ్వరరావు జరీనా వైపు తిరిగాడు. ఆ అమ్మాయి అప్పటికే రెండు పళ్లేలు పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు లేదు.

"మీకు చూపిద్దామనే వస్తున్నా సార్. నాలుగు రోజుల కింద ఈ రెంటిలోనూ రోగపు క్రిముల విషం ఒక్కో చుక్క వేశాను. ఊరికే, అనుమానం తీరడానికి. ఇది కావలి కణాలున్న పళ్లెం. అవి అరిచాయి, హార్మోను పూర్తిగా పడిపోయింది, మిగతావన్నీ విషం మీదికి వెళ్లాయి. మళ్లీ తేరుకున్నాయి కూడా. ఇది మన గుళికలాంటి పళ్లెం."

ముక్తేశ్వరరావు కన్ను ఆనించాడు. పోషక కణాలు సగం చితికిపోయి ఉన్నాయి. చుట్టూ ద్రవం మడ్డిగా మారింది. ఆ మడ్డి మధ్య హార్మోను కణాలు మాత్రం నిగనిగలాడుతూ, పండగ వంటవాళ్లలాగా, తమ పని తాము చేసుకుపోతున్నాయి.

"పళ్లెం మొత్తం కుళ్లుతున్నా వీటికి కబురందలేదు సార్. చెప్పేవాళ్లు లేరుగా. ఒంట్లో రోగం పుట్టినప్పుడు ఈ హార్మోను తగ్గాలి. తగ్గితేనే మనిషి కూలబడతాడు. కూలబడితేనే ఒంట్లో ఉన్న బలమంతా రోగం మీదికి మళ్లుతుంది. మనం ఆ కూలబడటాన్ని తీసేశాం."

ముక్తేశ్వరరావు సూక్ష్మదర్శిని వదిలి లేచాడు. "నువ్వు ఆ ఇద్దరికీ ఫోన్ చెయ్యి, ఎలా ఉన్నారో కనుక్కో," అంటూనే కారు తాళాలు వెతికాడు. అవి ఆయన చేతిలోనే ఉన్నాయి.

దారిలో నరసరావుపేటలో అక్కను ఎక్కించుకున్నాడు. గంగన్నపాలెం దారి పట్టాడు. ఊరికి ఇంకా చాలా దూరం ఉండగానే బావ గొంతు వినిపించింది. జ్వరం అంత ఉంది, స్వరం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. పొలాల మీదుగా, దుమ్ము మీదుగా, ఎండ మీదుగా గంటలా మోగుతోంది. ఆ గొంతు అంత బాగుండటం వినగానే ముక్తేశ్వరరావు కారు వేగం పెంచాడు.

ఆరు పళ్ల వయసు గిత్తల విభాగం నడుస్తోంది. తెల్లటి గిత్తల జత బండను ఈడుస్తుంటే జనం వెంట పరుగెత్తుతున్నారు. కర్రల వేదిక మీద బసవపున్నయ్య నిలబడి ఉన్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి, పెదాలు పగిలాయి, ఎడమ కాలికి పచ్చ తుండుగుడ్డ.

ముక్తేశ్వరరావు వేదిక ఎక్కాడు.

"బావా, ఆసుపత్రికి పద."

"వచ్చాడమ్మా మా డాక్టరు. ఎవడికిరా, గిత్తలకా?"

"నీకు. కాల్లో విషం పట్టింది. గుళిక వల్ల నీకు తెలియడం లేదు. తప్పు నాది. గుళిక తీసెయ్యాలి, ఈరోజే."

బసవపున్నయ్య ఓ క్షణం చూసి నవ్వాడు. "ఇది కొత్త రకంగా ఉందిరా. మొహం భలే పెట్టావు."

"ఎగతాళి కాదు బావా. నువ్వు చచ్చిపోతావు."

బసవపున్నయ్య మైకు నోటి దగ్గరికి తీసుకున్నాడు. "వింటన్నారా జనం. గుంటూరు నుంచి నా బావమరిది గారు, పెద్ద సైంటిస్టు, పనిగట్టుకుని వచ్చి ఏమంటన్నాడంటే, నేను చచ్చిపోతానంట. ఒక్కసారి చప్పట్లు కొట్టండి."

జనం చప్పట్లు కొట్టారు. ఈలలేశారు. ఎవరో "ఆస్తంతా రాయించుకో డాక్టరు గారూ" అని అరిచారు. ఇన్నేళ్లలో విసిరిన మాటలన్నీ తిరిగొచ్చి మీద పడ్డట్టు నిలబడ్డాడు ముక్తేశ్వరరావు. నోరు తెరిచాడు. ఏం మాట్లాడినా అది ఇంకో జోకే అవుతుందని అర్థమై మూసుకున్నాడు.

సామ్రాజ్యం జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచింది. వేదిక కిందికి వచ్చి, భర్త కాలి దగ్గర తుండుగుడ్డ ముడి లాగేసింది.

వాసన ముందు వచ్చింది. వేదిక పక్కన నిలబడ్డ గిత్తల కాపరులు ముక్కులు మూసుకోలేదు. వంగి చూశారు. జీవితమంతా గిట్టలు చూసిన మనుషులు వాళ్లు. పోటీకి పెద్దగా కూర్చున్న రామకోటిరెడ్డి లేచి వచ్చాడు. కాలు చూశాడు, బసవపున్నయ్య మొహం చూశాడు. చెయ్యెత్తి బరిలో బండ ఆపించాడు.

"గిట్ట చెడింది," అన్నాడు. "బరి బయటికి."

"ఏంది పెదనాయనా, నాకా?" అన్నాడు బసవపున్నయ్య.

"కాలు చెడ్డ జీవాన్ని బరిలో ఉంచం. దానికి లాగే ఊపున్నా ఉంచం. ఈ రూలు ఏటేటా మైకులో చదివేది ఎవుడు?"

బసవపున్నయ్య నవ్వు ఆగింది. డాక్టరును కాదనగలడు, పెళ్లాన్ని కాదనగలడు. బరిలో పెద్ద చెయ్యెత్తాక ఎంత మొనగాడి గిత్తైనా కాడి దింపాల్సిందే. ఆ తీర్పు మీద ఎవరైనా గొణిగితే మైకులో వాళ్ల పరువు తీసింది తనే. మైకు బల్ల మీద పెట్టాడు. నలుగురు కాపరులు వచ్చి, గిత్తను ఎత్తినంత జాగ్రత్తగా ఎత్తి కార్లో పడుకోబెట్టారు. గుంటూరు దాకా ఆయన కూర్చునే వచ్చాడు, కిటికీలోంచి చేలు చూస్తూ, ఈ ఏడు మిరప ఎలా ఉందో చెబుతూ. ముందు సీట్లో అక్క, స్టీరింగు ముందు తమ్ముడు.

విషం నెత్తురులోకి పాకిందన్నారు ఆసుపత్రిలో. చీలమండ పై దాకా తీసెయ్యాలన్నారు. బసవపున్నయ్య దానికి ఒప్పుకున్నాడు. గుళిక మాటెత్తగానే ముక్తేశ్వరరావు చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులో రోగం ఆనవాలే లేదు.

"కాలు తీసుకోరా. గుళిక ఉంచు. ఒంటికాలి మీదైనా మైకు ముందు నిలబడతా. అది తీస్తే రెండు కాళ్లున్నా మంచం దిగలేను. ఆ బతుకు నువ్వు చూశావుగా."

"చూశాను బావా."

"మరి?"

"మళ్లీ అదే చూస్తాను. చూడ్డానికి నువ్వు ఉండాలి."

బసవపున్నయ్య ఆ మాటలో ఎకసెక్కం కోసం వెతికాడు. దొరకలేదు. చెయ్యి వదిలి గోడ వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే అద్దాల గది బయట బల్ల మీద అక్కా తమ్ముళ్లు కూర్చున్నారు. కాలు పోయింది, గుళిక పోయింది, ప్రాణం ఉంటుందో పోతుందో ఇంకా ఎవరూ చెప్పడం లేదు. జరీనా ఇడ్లీ పొట్లాలు తెచ్చింది. ఎవరూ విప్పలేదు. నర్సు వచ్చి, ఒక్కరు లోపలికి రావచ్చంది. సామ్రాజ్యం వెళ్లింది. కాసేపటికి చెంగు నోట్లో కుక్కుకుని బయటికొచ్చింది.

"ఏమన్నాడక్కా?"

"బాలేదన్నాడురా." ఆమె గోడకు ఆనుకుంది. "ఒళ్లంతా నొప్పులంట. చలేస్తందంట. అస్సలు బాలేదే అన్నాడు."

పెద్ద డాక్టరు పక్కనుంచి వెళ్తూ ఆగాడు. "అన్నాడా? మంచిది. రాత్రంతా నేను అడిగితే బ్రహ్మాండంగా ఉన్నానన్నాడు. ఆ మాటకే భయమేసింది. ఇప్పుడు కాస్త ఆశ ఉంది."

సామ్రాజ్యం బల్ల మీద కూలబడి, ఇన్నాళ్లదీ ఒక్కసారే ఏడ్చింది. ముక్తేశ్వరరావు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. బ్రహ్మాండంగా ఉన్నానన్న మాట చెవిలో మళ్లీ మోగి, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"జరీనా, మిగతా ఇద్దరికీ ఫోన్ చేశావా?"

"నిన్ననే చేశాను సార్. ఇద్దరూ బాగున్నారు."

"బాగున్నారని ఎవరన్నారు?"

"వాళ్లే సార్. రేపల్లె మాష్టారు పాతికేళ్ల కుర్రాడిలా ఉన్నానన్నారు. దావీదు గారైతే..." జరీనా ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రేపల్లెకి నువ్వు చెయ్యి," అన్నాడు ముక్తేశ్వరరావు. అద్దంకి నంబరు తనే నొక్కాడు. అవతల ఎత్తారు. వెనకాల బస్టాండు గోల, హారన్లు.

"సార్, నమస్తే సార్. దావీదుని. సూపర్‌గా ఉన్నా సార్. డబుల్ డ్యూటీలు కొడతన్నా, అలుపన్నదే తెలీట్లేదు. ఇంకో అరగంటలో హైదరాబాద్ బండి తీస్తన్నా."

"బండి తీయొద్దు దావీదు. మీ ఇంటావిడ దగ్గర్లో ఉన్నారా?"

"ఇక్కడే ఉంది సార్, క్యారేజీ తెచ్చింది. ఎందుకు సార్, నేను బానే ఉన్నాగా?"

"ఫోను ఆవిడకివ్వు."

గోలలో ఏదో గుసగుస. తర్వాత ఓ ఆడగొంతు, నెమ్మదిగా, "అయ్యగారూ, సువార్తమ్మనండి" అంది.

"అమ్మా, ఆయన ఎలా ఉన్నారు? ఆయనేమంటున్నారో వద్దు. మీకెలా కనిపిస్తున్నారో చెప్పండి."

ఆమె జనంలోంచి నడిచి పక్కకు వెళ్తున్నట్టుంది. చప్పుడు తగ్గింది.

"మీ నంబరు ఎవుర్ని అడగాలో తెలీక నాల్రోజుల నుంచి చూస్తన్నానండి," అందామె.